నాజీలు కొల్లగొట్టిన పెయింటింగ్‌ను వెతికి వెనక్కి తెచ్చుకోవడం ఎలా? వారసులకు ఒక సమగ్ర మార్గదర్శి

2025 ఆగస్టులో అర్జెంటీనాలోని మార్ దెల్ ప్లాతా అనే తీర నగరంలో ఒక ఇల్లు అమ్మకానికి పెట్టారు. ప్రకటనలో హాలు ఫొటో ఉంది. సోఫా పైన గోడకు పాతకాలపు దుస్తుల్లో ఉన్న ఒక స్త్రీ చిత్రం. నెదర్లాండ్స్‌లోని ఏడీ పత్రిక విలేకరులు అది చూసి గుర్తుపట్టారు. ఇటలీ చిత్రకారుడు జుసెప్పే గిస్లాండి గీసిన పెయింటింగ్ అది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని యూదు వ్యాపారి జాక్ గౌడ్‌స్టికర్ దుకాణం నుంచి రెండో ప్రపంచ యుద్ధంలో పోయింది. ఆ ఇల్లేమో హిట్లర్ ముఖ్య అనుచరుడు గోరింగ్ దగ్గర డబ్బు వ్యవహారాలు చూసిన ఫ్రీడ్రిష్ కాడ్గీన్ కుటుంబానిది. పోలీసులు వెళ్ళేసరికి గోడ మీద వేరే అలంకరణ ఉంది. కొన్నాళ్ళకు పెయింటింగ్ అధికారుల చేతికి వచ్చింది.

అదృష్టం అనుకుంటాం. కానీ గౌడ్‌స్టికర్ 1940 మేలో ఓడలో పారిపోతూ, చీకట్లో అడుగు తప్పి సరుకుల గదిలో పడి చనిపోయినప్పుడు ఆయన జేబులో ఒక చిన్న నల్ల నోట్‌బుక్ ఉంది. అందులో 1,113 నంబర్లతో తన పెయింటింగుల జాబితా రాసుకున్నాడు. భార్య దాన్ని భద్రంగా దాచింది. ఆ జాబితా ఆధారంగానే నడిచిన పోరాటంతో 2006లో డచ్ ప్రభుత్వం 202 పెయింటింగులు వారసులకు తిరిగి ఇచ్చింది. అర్జెంటీనా గోడ మీది బొమ్మ ఎవరిదో చెప్పగలిగారంటే, పోయినవాటి జాబితా ఎనభై ఐదేళ్ళుగా బతికి ఉండబట్టే.

నాజీలు యూరప్‌లో యూదుల దగ్గర లాక్కున్న కళాఖండాలు సుమారు 6 లక్షలని అంచనా. లక్షకు పైగా ఇంకా సొంతదారులకు చేరలేదు. ఈ పనిలోకి దిగేవాళ్ళు అందరూ యూదు కుటుంబాల వాళ్ళే కానక్కర్లేదు. అమెరికాలో, జర్మనీలో స్థిరపడ్డ మనవాళ్ళలో యూదు స్నేహితులున్నవాళ్ళు, యూదులతో వియ్యమందినవాళ్ళు ఉన్నారు. మ్యూజియంలలో, లా ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళూ ఉన్నారు. పాత కాగితాల మధ్య కూర్చుని ఓపిగ్గా చదవగలిగే మనిషి ఏ కుటుంబానికైనా కావాలి.

చాలామంది చేసే మొదటి పని లాయరు దగ్గరికి పరిగెత్తడం. అది చివర్లో చేయాల్సిన పని. హైదరాబాద్‌లో ఫ్లాటు కొనేవాడు లింక్ డాక్యుమెంట్లు అడిగినట్టే, ఇక్కడ కూడా ఆ వస్తువు నాజీలు జర్మనీలో అధికారంలోకి వచ్చిన 1933 నుంచి ఈరోజు దాకా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో కాగితం మీద చూపాలి. ఆ గొలుసులో ఒక్క కొక్కెం లేకపోయినా ఎదుటి పక్షం దాన్నే పట్టుకుంటుంది.

మొదటి మెట్టు: బొమ్మను పక్కన పెట్టి మనిషిని వెతకండి

పెయింటింగ్ పేరు గూగుల్‌లో కొట్టి ఏమీ దొరక్క ఊరుకునేవాళ్ళు ఎక్కువ. ఆర్కైవుల్లో ఫైళ్ళు బొమ్మల పేరు మీద ఉండవు, మనుషుల పేరు మీద ఉంటాయి. ముందు ఒక పేజీ తయారు చేయండి: పూర్తి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, 1933 నాటి చిరునామా, ఆ తర్వాత మారిన ప్రతి చిరునామా, దేశం వదిలిన తేదీ లేదా శిబిరాలకు తరలించిన తేదీ, తోబుట్టువుల పేర్లు.

పేర్ల దగ్గర జాగ్రత్త. 1939 జనవరి 1 నుంచి జర్మనీలో యూదు మగవాళ్ళు తమ పేరులో ‘ఇజ్రాయెల్’, ఆడవాళ్ళు ‘సారా’ తప్పనిసరిగా చేర్చుకోవాలని చట్టం పెట్టారు. అందుకే ఆ తర్వాతి ప్రభుత్వ కాగితాల్లో ముత్తాత పేరు మధ్యలో ఇజ్రాయెల్ కనిపిస్తే అది వేరే మనిషి అనుకోకండి. ఊళ్ళ పేర్లూ మారాయి. బ్రెస్లావ్ ఇప్పుడు పోలండ్‌లోని వ్రోత్స్‌వాఫ్, లెంబర్గ్ ఇప్పుడు ఉక్రెయిన్‌లోని ల్వివ్. పాత పేరు, కొత్త పేరు రెండింటితోనూ వెతకాలి.

ఉచితంగా ఇంటి నుంచే మొదలుపెట్టగలిగిన చోట్లు రెండున్నాయి. జర్మనీలోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌లో నాజీల బాధితుల గురించి కోట్ల కాగితాలున్నాయి, చాలాభాగం ఆన్‌లైన్‌లో చూడొచ్చు. జెరూసలేంలోని యాద్ వషేమ్‌లో చనిపోయినవారి పేర్ల డేటాబేస్ ఉంది. అందులో బంధువులు నింపిన సాక్ష్య పత్రాలు ఉంటాయి. వాటిలో చాలామంది చూడని చోటు ఒకటుంది: పత్రం అడుగున, దాన్ని నింపినవారి పేరు, చుట్టరికం. 1950ల్లోనో 1990ల్లోనో ఎవరో దూరపు బంధువు నింపి ఉంటారు. వాళ్ళ పిల్లల దగ్గర మీ దగ్గర లేని ఉత్తరాలు ఉండొచ్చు. వాళ్ళు సహవారసులు కూడా కావచ్చు, అది తర్వాత అవసరమవుతుంది.

రెండో మెట్టు: ఇంట్లో ఏముండేదో రాయండి

పాత ఫొటోల్లో మనుషుల్ని కాదు, వెనక గోడల్ని చూడండి. పెళ్ళి ఫొటోలో పియానో పైన సగం కనిపించే ఫ్రేము కూడా సాక్ష్యమే. ఫొటోను ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేయించండి, వెనకవైపు కూడా. అగ్ని ప్రమాద బీమా జాబితాలు, చిత్రాన్ని ప్రదర్శనకు ఇచ్చినప్పటి కేటలాగు, పాత బంధువుల ఉత్తరాలు, అన్నీ ఒకచోట చేర్చండి.

జ్ఞాపకాల్ని కూడా రాయించండి, ముసలివాళ్ళు బతికుండగానే. బ్రెస్లావ్‌లో డేవిడ్ ఫ్రీడ్‌మాన్ ఇంట్లో వేలాడిన మాక్స్ లీబర్‌మాన్ పెయింటింగ్ ‘సముద్ర తీరాన ఇద్దరు రౌతులు’ను ఆయనకు వరసకు మనవడైన డేవిడ్ టోరెన్ చిన్నప్పుడు 1938 నవంబరులో చూశాడు. 2012లో మ్యూనిక్‌లో, నాజీల కాలపు కళా వ్యాపారి కొడుకు కార్నీలియస్ గుర్లిట్ ఫ్లాటులో దొరికిన వెయ్యికి పైగా కళాఖండాల్లో అది బయటపడింది. 2015లో కుటుంబానికి తిరిగొచ్చేసరికి టోరెన్‌కు చూపు లేదు.

వివరణ రాసేటప్పుడు ‘తాతగారింట్లో గుర్రాల బొమ్మ ఉండేది’ అంటే ఎవరికీ పనికిరాదు. ఇలా రాయండి: ‘ఆయిల్ పెయింటింగ్, సుమారు రెండడుగుల వెడల్పు, ఎడమవైపు ఒక గోధుమరంగు గుర్రం, వెనక సముద్రం, కుడి కింద మూలన సంతకం, బంగారు రంగు ఫ్రేము, భోజనాల గదిలో కిటికీ ఎదురుగా ఉండేది.’ గుర్తున్నది గుర్తున్నట్టు, ఊహించింది ఊహ అని విడివిడిగా రాయండి. తర్వాత ఎదుటి లాయరు అడిగేది ఆ తేడా గురించే.

మూడో మెట్టు: దోపిడీ ఏ దారిలో జరిగిందో కనుక్కోండి

అసలు పని ఇక్కడే. దోపిడీ అంటే సైనికులు తలుపులు పగలగొట్టడం అనే చిత్రం మన మనసుల్లో ఉంటుంది. జర్మనీలో ఎక్కువ భాగం జరిగింది గుమస్తాల చేతుల్లో, రబ్బరు స్టాంపులతో, మూడు కాపీల్లో. బాధితులకు అంతకన్నా దుర్మార్గం లేదు. కానీ వెతికేవాళ్ళకు ఇది ఒక దారి చూపిస్తుంది. ప్రతి అడుగుకూ ఒక కాగితం పుట్టింది.

వరుస చూడండి. 1938 ఏప్రిల్‌లో, 5,000 రైష్‌మార్కులకు మించి ఆస్తి ఉన్న యూదులందరూ దాని వివరాలు ప్రకటించాలని ఆజ్ఞ. ఆ నవంబరులో, యూదుల దుకాణాలు, ప్రార్థనా మందిరాలు ధ్వంసం చేసిన తర్వాత, ఆ నష్టానికి యూదులే బాధ్యులంటూ వాళ్ళ మీద 100 కోట్ల మార్కుల జరిమానా. దేశం వదలాలంటే ‘పారిపోయే పన్ను’ వేరే. ఇవన్నీ కట్టడానికి డబ్బు లేక పెయింటింగులు వేలానికి పంపేవాళ్ళు. వచ్చిన డబ్బు కూడా వాళ్ళు ముట్టుకోలేని బ్యాంకు ఖాతాలో పడేది. సామాను తీసుకెళ్ళాలంటే ప్రతి చెంచా జాబితా రాసి అనుమతి తీసుకోవాలి. అలా పంపిన పెట్టెలు యుద్ధం మొదలయ్యాక హాంబర్గ్ రేవులో ఆగిపోయి వేలంలో అమ్ముడుపోయాయి.

1939 ఫిబ్రవరిలో యూదులు బంగారం, వెండి ప్రభుత్వ తాకట్టు దుకాణాలకు అప్పగించాలన్నారు. పెళ్ళి ఉంగరం, ఒక వెండి గడియారం, మనిషికి రెండు సెట్ల చెంచాలూ ఫోర్కులూ మాత్రం ఉంచుకోవచ్చు. మ్యూనిక్‌లోని బవేరియన్ నేషనల్ మ్యూజియం అప్పట్లో అలా వచ్చిన వెండి సామాను కొంది. ఈమధ్య అదే మ్యూజియం కుటుంబాలను వెతికి కొవ్వొత్తుల స్టాండ్లు, కప్పులు స్వయంగా తీసుకెళ్ళి ఇస్తోంది. ఖరీదు పెద్దగా ఉండదు, కానీ శుక్రవారం సాయంత్రం సబ్బాతు కోసం ఆ ఇంట్లో వెలిగించిన స్టాండు అది.

ఇక తరలింపు. 1941 నవంబరులో వచ్చిన ఆజ్ఞ ప్రకారం, జర్మనీ సరిహద్దు దాటిన యూదుడు పౌరసత్వం కోల్పోతాడు, ఆస్తి మొత్తం ప్రభుత్వానిది. బలవంతంగా రైలెక్కించినవాళ్ళకూ ఇదే వర్తించింది. ఎక్కించే ముందు బెర్లిన్‌లో ప్రతి కుటుంబంతో 16 పేజీల ఆస్తి ప్రకటన నింపించారు. అందులో గది గదికీ కుర్చీలెన్ని, దుప్పట్లెన్ని, పెయింటింగులేవి, బ్యాంకు ఖాతా ఏది, అన్నీ. తర్వాత ఒక మదింపుదారుడు వచ్చి పక్కన ధరలు వేశాడు. ఆ ఫైళ్ళు ఇప్పుడు పాట్స్‌డామ్‌లోని బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్ర ఆర్కైవ్‌లో ఉన్నాయి. బెర్లిన్ కుటుంబమైతే మొదటి ఉత్తరం అక్కడికే రాయండి. ముత్తవ్వ చేతిరాతలో ఆ పేజీలు చదవడానికి గుండె నిబ్బరం కావాలి. చదివే రోజు ఒంటరిగా ఉండకండి. పాత జర్మన్ గొలుసుకట్టు రాత ఈ కాలం జర్మన్లకే అర్థం కాదు, కాబట్టి భయపడనక్కర్లేదు. ట్రాన్స్‌క్రైబస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో సగం పని అవుతుంది, మిగతాది తెలిసినవాళ్ళతో చదివించుకోవాలి.

వియన్నా కుటుంబమైతే 1938 నాటి ఆస్తి ప్రకటనలు ఆస్ట్రియా ప్రభుత్వ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వస్తువులు చాలావరకు డోరోథేయం వేలం సంస్థ ద్వారా వెళ్ళాయి. నెదర్లాండ్స్‌లో యూదులు తమ డబ్బు, నగలు, కళాఖండాలు ‘లిప్‌మాన్, రోసెంతాల్’ అనే బ్యాంకుకు అప్పగించాల్సి వచ్చింది. పేరు పాత యూదు బ్యాంకుది, నడిపింది నాజీలు. జనం మోసపోవాలనే ఆ పేరు ఉంచారు.

ఫ్రాన్స్‌ది వేరే కథ. నాజీ నాయకుడు రోసెన్‌బర్గ్ నేతృత్వంలోని ఈఆర్ఆర్ అనే దళం యూదుల సేకరణల్ని పారిస్‌లోని జూ ద పోమ్ మ్యూజియంలో పోగుచేసింది. అక్కడ పనిచేసిన రోజ్ వాలాన్ అనే ఫ్రెంచ్ ఉద్యోగిని తనకు జర్మన్ రాదన్నట్టు నటిస్తూ ఏ బొమ్మ ఎటు వెళ్ళిందో రహస్యంగా రాసిపెట్టింది. ఈఆర్ఆర్ వాళ్ళ సొంత జాబితాలు, ఫొటోలు కూడా మిగిలాయి. జూ ద పోమ్ గుండా పోయిన వేల వస్తువుల డేటాబేస్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంది, యజమాని పేరుతో వెతకొచ్చు. మామూలు కుటుంబాల సామాను మీద పడింది ఇంకో పథకం. ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్‌లలో సుమారు 70,000 ఇళ్ళు ఖాళీ చేసి మంచాలు, గిన్నెలు, పియానోలు జర్మనీకి రైళ్ళలో పంపారు. ఈ రెండో దారిలో పోయిన వస్తువు దొరకడం చాలా కష్టం. కుటుంబానికి ఈ మాట ముందే చెప్పండి.

నాలుగో మెట్టు: 1945 తర్వాత ఏం జరిగింది?

దీన్ని దాటేసి కేసులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. యుద్ధం తర్వాత మిత్రరాజ్యాలు మ్యూనిక్, వీస్‌బాడెన్‌లలో కళాఖండాల్ని, ఓఫెన్‌బాఖ్‌లో పుస్తకాల్ని పోగుచేసి ఒక్కోదానికీ కార్డు రాశాయి. మ్యూనిక్ కార్డులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మీ బొమ్మ ఆ కార్డుల్లో కనిపించి, ‘ఫ్రాన్స్‌కు పంపాం’ అని రాసి ఉంటే తర్వాతి వెతుకులాట ఫ్రాన్స్‌లో. అక్కడ యజమాని తేలక ప్రభుత్వ మ్యూజియంలకు అప్పగించిన రెండు వేలకు పైగా వస్తువులు ‘ఎంఎన్ఆర్’ అనే గుర్తుతో ఉంటాయి. వాటికి ఫ్రెంచ్ ప్రభుత్వం యజమాని కాదు, కాపలాదారు. వాటిని తిరిగి రాబట్టడం మిగతావాటికన్నా తేలిక.

1950లు, 60ల్లో అమ్మమ్మ పశ్చిమ జర్మనీలో పరిహారం కోసం దరఖాస్తు పెట్టి ఉండొచ్చు. ఆ ఫైలు తప్పక తెప్పించండి. లాభం రెండు విధాలుగా. జ్ఞాపకాలు ఇంకా చెరిగిపోకముందే, ప్రమాణం చేసి రాసిన జాబితా అందులో ఉంటుంది. రెండోది, డబ్బు వచ్చిందో లేదో, వస్తే దేనికోసమో తెలుస్తుంది. పరిహారం తీసుకున్నంత మాత్రాన హక్కు పోదు. లిల్లీ కాసిరర్ 1939లో జర్మనీ దాటే అనుమతి కోసం తన పిస్సారో పెయింటింగ్‌ను ముట్టుకోలేని 900 మార్కులకు వదులుకుంది. 1958లో జర్మనీ ఆమెకు 1,20,000 మార్కులు ఇచ్చింది. పెయింటింగ్ దొరికితే అడిగే హక్కు మాత్రం ఆమె వదులుకోలేదు. పరిహారం సంగతి దాచిపెడితే అది ఎదుటివాళ్ళ చేతికి మీరే ఇచ్చిన ఆయుధం.

ఐదో మెట్టు: ఇప్పుడెక్కడుంది?

జర్మనీలో మాగ్డెబుర్గ్ నుంచి నడిచే లాస్ట్ ఆర్ట్ డేటాబేస్‌లో రెండు భాగాలున్నాయి: కుటుంబాలు ‘వెతుకుతున్నాం’ అని పెట్టే ప్రకటనలు, మ్యూజియంలు ‘మా దగ్గర అనుమానం ఉన్నవి’ అని పెట్టేవి. మీ వస్తువు ప్రకటన అందులో వేయించండి. దీంతో ఒక గట్టి ప్రయోజనం ఉంది. సోద్‌బీస్, క్రిస్టీస్ లాంటి పెద్ద వేలం సంస్థలు అమ్మకానికి వచ్చిన ప్రతిదాన్నీ ఇందులోనూ, లండన్‌లోని ఆర్ట్ లాస్ రిజిస్టర్‌లోనూ సరిచూస్తాయి. ప్రకటన ఉన్న బొమ్మను బహిరంగంగా అమ్ముకోవడం చాలా కష్టం. దాచుకున్నవాడే ఎప్పుడో ఒకప్పుడు మీతో మాట్లాడాల్సి వస్తుంది.

1933 నుంచి 1945 దాకా జరిగిన వేలాల కేటలాగుల్ని హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయం స్కాన్ చేసి పెట్టింది, పదాలతో వెతకొచ్చు. మ్యూనిక్‌లోని వైన్‌మ్యూలర్ వేలాల సొంత కాపీలు, ఎవరు ఇచ్చారో ఎవరు కొన్నారో చేత్తో రాసినవి, 2013లో ఒక బీరువాలో దొరికాయి. అవీ అందరికీ అందుబాటులో పెట్టారు. పుస్తకాలైతే లూటెడ్ కల్చరల్ అసెట్స్ అనే డేటాబేస్‌లో లోపలి పేజీల మీది సంతకాలు, పేరు అంటించిన చీటీలు ఫొటోలతో ఉన్నాయి. మీ వాళ్ళు డాక్టరో ప్రొఫెసరో అయితే అక్కడ ఒకసారి చూడండి.

అనుమానం ఉన్న పెయింటింగ్ దొరికితే మొదట అడగాల్సింది వెనకవైపు ఫొటో. ముందువైపు చిత్రకారుడిది, వెనకవైపు యజమానులది. చెక్క ఫ్రేము మీద చాక్‌పీస్ అంకెలు, వేలం చీటీలు, కస్టమ్స్ స్టాంపులు, గ్యాలరీ లేబుళ్ళు ఉంటాయి. ఈఆర్ఆర్ వాళ్ళు ఒక్కో కుటుంబానికీ ఒక అక్షరం కోడు పెట్టారు. రోథ్‌షీల్డ్‌లకు ‘ఆర్’, ఆల్ఫోన్స్ కాన్‌కు ‘కేఏ’, పక్కన నంబరు. కాసిరర్ కుటుంబం పిస్సారో వెనక బెర్లిన్‌లోని కాసిరర్ గ్యాలరీ లేబుల్ చిరిగిన ముక్క మిగిలి ఉంది. దాన్ని చూసి కూడా కొన్నవాళ్ళు ప్రశ్నించలేదని కుటుంబం కోర్టులో గట్టిగా వాదించింది.

ఇంకో మాట. దొరికిన సంబరంలో వెంటనే యజమానికి మెయిల్ కొట్టకండి. వెబ్‌పేజీ, ఫొటో, కేటలాగు అన్నీ తేదీతో సహా సేవ్ చేసుకోండి, రెండుచోట్ల. ఆన్‌లైన్ ప్రకటన మాయం కావడానికి గంట చాలు.

ఆరో మెట్టు: వారసులెవరో తేల్చండి

ఇది కుటుంబాలు విడిపోయే చోటు. వస్తువు దొరికే దాకా అందరూ కలిసి ఉంటారు. ఆస్తి ఎవరికి వెళ్ళాలో ప్రతి తరానికీ వీలునామా, లేకపోతే కోర్టు ఇచ్చే వారసత్వ సర్టిఫికెట్ చూపాలి. హత్యకు గురైనవారికి మరణ ధ్రువపత్రం ఉండదు. జర్మన్ చట్టం చాలామందికి 1945 మే 8ని మరణ తేదీగా లెక్కించింది. అదే తేదీ అన్నదమ్ములిద్దరికీ పడితే ఎవరు ముందు పోయారన్న ప్రశ్న వారసత్వాన్నే మార్చేస్తుంది, కాబట్టి ఆరోల్సెన్ కాగితాల్లో నిజమైన తేదీ కోసం వెతకాలి.

వీలునామా మాటలు ఎంత కీలకమో మారియా ఆల్ట్‌మాన్ కేసులో చూశాం. క్లిమ్ట్ గీసిన తన చిత్రాలు ఆస్ట్రియా గ్యాలరీకి ఇవ్వమని అడేలే బ్లాక్-బావర్ 1923 వీలునామాలో భర్తను ‘కోరింది’. అది కోరికా, ఆజ్ఞా? ఆ చిత్రాలకు యజమాని అసలు భర్త ఫెర్డినాండే కదా? ఆయన తన ఆస్తి అన్న పిల్లలకు రాశాడు, వాళ్ళలో మారియా ఒకరు. 2006లో ఆస్ట్రియా మధ్యవర్తులు కుటుంబం పక్షాన తీర్పు చెప్పారు.

వారసులందరితో లిఖితపూర్వక ఒప్పందం ముందే చేసుకోండి: ఎవరి వాటా ఎంత, ఖర్చు ఎవరు పెడతారు, అమ్మాలా ఉంచాలా ఎవరు నిర్ణయిస్తారు, ఎవరి తరఫున ఎవరు మాట్లాడతారు. వాటాల్లో ఒక్క మనవరాలు బయట ఉన్నా మ్యూజియం డబ్బు గానీ బొమ్మ గానీ చేతికివ్వదు.

ఏడో మెట్టు: ఏ తలుపు తట్టాలి?

బొమ్మ ఎక్కడ పోయిందన్న దానికన్నా, ఈరోజు ఎక్కడ వేలాడుతోందన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అన్యాయమే, కానీ అంతే.

1998 డిసెంబరులో 44 దేశాలు వాషింగ్టన్ సూత్రాలు ఒప్పుకున్నాయి. కొల్లగొట్టిన కళాఖండాలు గుర్తించాలి, యజమానులతో ‘సముచితమైన, న్యాయమైన పరిష్కారం’ చేసుకోవాలి అని. అవి చట్టం కావు, మాట మాత్రమే. మాటను కొన్ని దేశాలు చట్టం చేశాయి. ఆస్ట్రియా అదే ఏడాది చేసింది, ఒక సలహా మండలి చూసి మంత్రికి సిఫారసు చేస్తుంది. కానీ అది కేంద్ర ప్రభుత్వ సేకరణలకే. నెదర్లాండ్స్‌లో రెస్టిట్యూషన్స్ కమిటీ, బ్రిటన్‌లో స్పోలియేషన్ అడ్వైజరీ ప్యానెల్ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ సేకరణ నుంచి ఒక్క వస్తువు తీయాలన్నా పార్లమెంటు చట్టం కావాల్సి వచ్చేది. 2023 జులై చట్టంతో ఆ అడ్డు తొలగింది, ఇప్పుడు బాధితుల క్లెయిములు చూసే సీఐవీఎస్ అనే కమిషన్ అభిప్రాయం మీద ఇవ్వొచ్చు. జర్మనీలో 2003 నుంచి ఉన్న సలహా కమిషన్‌కు రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే కేసు వెళ్ళేది. ఇరవై ఏళ్ళలో పాతిక కేసుల చిల్లర తేల్చింది. 2025 డిసెంబరు నుంచి దాని స్థానంలో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ వచ్చింది, ముందే ఒప్పుకోలు ఇచ్చిన మ్యూజియంల మీద కుటుంబం ఒక్కటే వెళ్ళి అడగొచ్చు.

ఇవన్నీ ప్రభుత్వ మ్యూజియంలకు. జర్మనీలో ప్రైవేటు ఇంట్లో ఉంటే కోర్టు దారి దాదాపు మూసుకుపోయినట్టే, 30 ఏళ్ళ కాలపరిమితి ఎప్పుడో దాటింది. అక్కడ పనిచేసేది లాస్ట్ ఆర్ట్ ప్రకటన, పత్రికలు, బేరం.

అమెరికాలో పరిస్థితి వేరు. దొంగ నుంచి కొన్నవాడికి, ఎంత మంచి ఉద్దేశంతో కొన్నా, హక్కు రాదన్నది అక్కడి మూల సూత్రం. ఎర్నా మెంజెల్ 1941లో బ్రస్సెల్స్ వదిలి పారిపోయినప్పుడు వాళ్ళ ఫ్లాటులోని షగాల్ చిత్రాన్ని నాజీలు రశీదు పెట్టి మరీ తీసుకెళ్ళారు. 1955లో న్యూయార్క్ గ్యాలరీలో 4,000 డాలర్లకు దాన్ని ఆల్బర్ట్ లిస్ట్ కొన్నాడు. 1962లో మెంజెల్ కనిపెట్టి దావా వేసి గెలిచింది. 2016 నాటి హియర్ చట్టం, బొమ్మ ఎక్కడుందో నిజంగా తెలిసిన రోజు నుంచి ఆరేళ్ళ గడువు ఇచ్చింది. ఆ చట్టానికి మొదట పెట్టిన ముగింపు 2026 చివర, అందుకే దావాకు ముందు దాని ప్రస్తుత స్థితిని లాయరుతో సరిచూసుకోవాలి. అయినా గెలుపు ఖాయం కాదు. 1938లో ఇటలీలో ఉండి పారిపోవడానికి లెఫ్‌మాన్ దంపతులు అమ్మిన పికాసో ‘నటుడు’ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఇన్నేళ్ళు ఆలస్యం చేశారంటూ 2019లో అప్పీలు కోర్టు వారసుల దావా కొట్టేసింది. నా దృష్టిలో ఆ తీర్పు బాధితుల మీదే నింద వేసింది.

న్యూయార్క్‌లో ఇంకో తలుపుంది, మాన్‌హాటన్ డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వ ప్రాసిక్యూటర్) కార్యాలయం. డకావ్ శిబిరంలో చనిపోయిన వియన్నా హాస్య నటుడు ఫ్రిట్జ్ గ్రున్‌బావమ్ వారసులకు 2023 సెప్టెంబరులో చిత్రకారుడు షీలే గీసిన ఏడు చిత్రాలు తిరిగి ఇప్పించింది వాళ్ళే. మన దేవాలయాల నుంచి దొంగిలించిన విగ్రహాలెన్నో భారతదేశానికి తిరిగి పంపిందీ అదే కార్యాలయంలోని పురాతన వస్తువుల విభాగం. ప్రకాశం జిల్లా చందవరం నుంచి పోయి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరిన బౌద్ధ సున్నపురాయి శిల్పం 2016లో తిరిగొచ్చింది కదా, అక్కడా పని ఇదే పద్ధతిలో జరిగింది, కాగితం, పాత ఫొటో, అడిగే మనిషి.

స్పెయిన్‌లో ఉంటే ఓపిక చేతిలో పట్టుకుని వెళ్ళాలి. కాసిరర్ కుటుంబం పిస్సారోను మాడ్రిడ్ త్యిస్సెన్ మ్యూజియంలో 2000లో కనుగొంది, 2005లో అమెరికాలో దావా వేసింది. సుప్రీంకోర్టు 2022లో ఒకసారి, 2025 మార్చిలో ఇంకోసారి కింది కోర్టుకు తిప్పి పంపింది. దావా వేసిన క్లాడ్ కాసిరర్ 2010లోనే చనిపోయాడు.

ఎక్కడి నుంచైనా సరే, క్లెయిమ్ విషయంలో సాయం కోసం మొదట రాయాల్సింది న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ హోలోకాస్ట్ క్లెయిమ్స్ ప్రాసెసింగ్ ఆఫీసుకు. 1997 నుంచి పనిచేస్తోంది. న్యూయార్క్‌లో ఉండనక్కర్లేదు, ఫీజు పైసా లేదు. పెయింటింగులే కాదు, పాత బ్యాంకు ఖాతాలు, బీమా పాలసీలు కూడా చూస్తారు. ఇళ్ళూ స్థలాల సంగతి మాత్రం ఆ దేశాన్ని బట్టే. తూర్పు జర్మనీలోని భూములకు గడువు 1992 చివరితోనే అయిపోయింది.

ఎనిమిదో మెట్టు: క్లెయిమ్ లేఖ

కోపంతో కాదు, తేదీలతో రాయండి. వస్తువు వివరణ, 1933 నాటికి యజమాని అనడానికి ఆధారం, పోయిన తీరు, 1945 తర్వాత జరిగింది, తీసుకున్న పరిహారం, వారసుల వంశవృక్షం, కోరుతున్నది. ఒక్కో వాక్యం పక్కనే దాని ఆధారం నంబరు.

‘అమ్మేశారు కదా, దొంగతనం ఎక్కడిది?’ అన్నది మీరు వినబోయే మొదటి ప్రశ్న. జర్మనీ మ్యూజియంల మార్గదర్శకాలు దీనికి జవాబిస్తాయి. 1933 జనవరి 30 తర్వాత యూదుడు అమ్మాడంటే పీడన వల్లే అమ్మాడని ముందుగా భావిస్తారు. కాదనాలంటే న్యాయమైన ధర వచ్చిందనీ, ఆ డబ్బు అతను స్వేచ్ఛగా వాడుకోగలిగాడనీ మ్యూజియమే చూపాలి. యూదుల పౌర హక్కులు తీసేసిన న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చిన 1935 సెప్టెంబరు 15 తర్వాతి అమ్మకమైతే, నాజీలు లేకున్నా అది జరిగేదని కూడా చూపాలి. కాబట్టి వేలం రోజు దొరికిన ధరను అదే చిత్రకారుడి ఇతర ధరలతో పోల్చి పెట్టండి, డబ్బు పడిన ఖాతా స్తంభించిందనే బ్యాంకు కాగితం జత చేయండి. ఈ రెండూ ఉన్న లేఖకు జవాబు వేరేలా వస్తుంది.

తొమ్మిదో మెట్టు: బేరం, ఖర్చు, ఆ తర్వాత

చాలా కేసులు కోర్టు బయటే ముగుస్తాయి. గుట్‌మాన్ కుటుంబం 1998లో షికాగోలో దేగా చిత్రం విషయంలో సగం విలువకు ఒప్పుకుంది, బొమ్మ అక్కడి మ్యూజియానికి వెళ్ళింది. షీలే ‘వాలీ’ చిత్రం 1998లో న్యూయార్క్ ప్రదర్శనలో చిక్కి 12 ఏళ్ళ తర్వాత 1.9 కోట్ల డాలర్లకు సెటిల్ అయ్యింది, వియన్నా మ్యూజియం డబ్బిచ్చి ఉంచుకుంది. గోడ మీద అసలు కథ రాసిన పలక పెట్టాలని కూడా అడగొచ్చు. డబ్బు కన్నా అది కావాలనే కుటుంబాలున్నాయి.

లాయర్లు గెలిస్తే వాటా పద్ధతిలో ఒప్పుకుంటారు, మూడో వంతు దాకా పోతుంది. వీధిలో పరిచయమై ‘మీకు నిధి ఉంది, సంతకం పెట్టండి’ అనేవాళ్ళకు దూరంగా ఉండండి. ఆస్ట్రియాలో కోర్టు ఫీజు వస్తువు ఖరీదును బట్టి ఉంటుంది. ఆల్ట్‌మాన్‌ను పది లక్షల డాలర్లకు పైగా అడిగారు, ఆమె అమెరికా కోర్టుకు వెళ్ళడానికి కారణం అదే.

బొమ్మ చేతికొచ్చాక, పాత పరిహారం అదే వస్తువుకు తీసుకుని ఉంటే దాన్ని తిరిగి కట్టమంటారు, ముందే లెక్క వేసుకోండి. దేశం దాటించడానికి ఎగుమతి అనుమతి, రవాణా బీమా మ్యూజియం పెడుతుందా మీరా అన్నది ఒప్పందంలో రాయించండి. అమ్మితే పన్ను ఏ విలువ నుంచి లెక్కిస్తారో అమ్మకముందే అకౌంటెంట్‌ను అడగండి. లాస్ట్ ఆర్ట్‌లో మీరు వేసిన ప్రకటనను ‘పరిష్కారమైంది’ అని మార్పించండి, లేకపోతే రేపు మీరే దాన్ని వేలానికి పంపినప్పుడు మీ బొమ్మనే ఆపేస్తారు.